పదునును ఇంగ్లీషులో ఏమంటారు?

అనంతపురం జిల్లాకు విదేశీయులు కొత్త కాదు. స్పెయిన్‌లోని బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడికి వచ్చి, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును స్థాపించి, 2009లో కన్నుమూసేదాకా ఈ కరువు నేలలోనే ఉండిపోయారు. ఆయన వల్ల స్పెయిన్ వాళ్లు మా పల్లెలకు వచ్చిపోతూ ఉండేవారు. కానీ ఆ దేశపు టీచరు ఒకామె మా హాస్టల్ ఉన్న చిన్న ఊళ్లోనే గది తీసుకుని, మూడు నెలలు ఉండి మాకు ఇంగ్లీషు చెప్పింది మాత్రం 2015లోనే. అప్పుడు మేము ఎనిమిదో తరగతి.

అప్పటికి ఇంగ్లీషంటే మాకు 35 మార్కుల గండం. గైడు చూసి బట్టీ పట్టడమే తెలుసు. మా అమ్మానాన్నలు వేరుశనగ చేలల్లో కూలికి పోయేవారు. వాన లేని ఏడు మూట కట్టుకుని బెంగళూరు బస్సెక్కేవారు. పదో తరగతిలో ఇంగ్లీషు తప్పితే మాకూ ఆ బస్సే దిక్కని ఎవరూ చెప్పనక్కరలేదు.

మేము ఆమెను 'అక్కా' అని పిలిచేవాళ్లం. రోజూ సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు వచ్చేది. "ఇంగ్లీషు నా సొంత భాష కాదు. నేనూ మీలాగే బడిలో నేర్చుకున్నాను" అని మొదటిరోజే చెప్పింది. తెల్లవాళ్లందరికీ ఇంగ్లీషు పుట్టుకతోనే వస్తుందనుకున్న మాకు సగం భయం అక్కడే పోయింది. ఒక ఇంగ్లీషు మాటకు బదులు ఒక తెలుగు మాట చెప్పాలన్నది ఆమె పెట్టిన షరతు. బిందె, చీపురు, ఉగ్గాని, ముద్ద అన్నీ ఆమె నోటుబుక్కులోకి ఎక్కాయి.

జూలైలో ఒక మంచి వాన పడింది. మర్నాడు ఊరంతా "పదునైందా?" అన్న మాటే. అక్క ఆ మాట పట్టుకుని వచ్చింది. డిక్షనరీలో 'షార్ప్' అని ఉందట. కత్తికి పదును సరే, నేలకు పదునేమిటని అడిగింది.

మాకు తెలియని సంగతి కాదది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే జిల్లాలో అంతకంటే పెద్ద మాట ఏముంది? తడి తక్కువైతే విత్తనం మొలిచి ఎండిపోతుంది. ఎక్కువైతే కుళ్లిపోతుంది. సరిగ్గా విత్తడానికి తగిన తడే పదును. కానీ ఇంగ్లీషులో ఎలా చెప్పాలి? "రెయిన్ కమ్" అన్నాడొకడు. "మడ్ నో, డ్రై నో" అన్నాడు ఇంకొకడు. వెనక వరసలో ఎన్నడూ నోరు విప్పనివాడు లేచి "సీడ్ హ్యాపీ" అన్నాడు. అక్క నవ్వలేదు. మా మాటలన్నీ బోర్డు మీద రాసి, తర్వాత మాతోనే వాక్యాలుగా సరిచేయించింది. మా హాస్టల్‌లో అందరూ ఇంగ్లీషులో మాట్లాడిన మొదటి రోజు అదే.

ఇప్పుడు పీజీ చదువుతూ ఆలోచిస్తే కారణం తెలుస్తోంది. బడిలో మమ్మల్ని అడిగే ప్రశ్నలకు జవాబులు అడిగేవారికి ముందే తెలుసు. అక్కకు నిజంగా తెలియదు, మాకు తెలుసు. చెప్పవలసిన సంగతి మన దగ్గర, వినవలసిన అవసరం ఎదుటివారి దగ్గర ఉంటే భాష తానే దారి వెతుక్కుంటుంది. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ కూడా పెద్దయ్యాక మన పండితుల దగ్గర తెలుగు నేర్చుకున్నవాడే. తర్వాత నిఘంటువు కూర్చి మనకే ఇచ్చాడు. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న పెనుకొండ దగ్గర 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక కొరియా వాళ్లూ మనవాళ్లూ కలిసి పనిచేస్తున్నారు. ఇంగ్లీషు వాళ్లకూ సొంత భాష కాదు, మనకూ కాదు. నేర్చుకున్నవారందరిదీ అది.

మా ఇళ్లలో మొదటి డిగ్రీ పట్టా మాదే. ఇంటర్వ్యూల్లో ఇంగ్లీషు ఇప్పటికీ మాకు కొంత తడబాటే. అయినా నోరు మూసుకుని కూర్చోవడం మానేశాం. తమ్ముళ్లూ, మీకు ఇంగ్లీషు రాదని ఎవరన్నా అంటే తల దించుకోకండి. మీ అమ్మ చేసే పని, మీ ఊరి బోరు కథ, మీ చేను సంగతి వచ్చీరాని మాటల్లోనే చెప్పడం మొదలుపెట్టండి. ఆదివారాలు మేము హాస్టల్‌కు వస్తున్నాం. గైడు తేనక్కరలేదు. మాకు తెలియని సంగతి ఒకటి తెచ్చుకోండి, చాలు.