అమ్మకు ఎన్నాళ్ళ వీసా?

ఈసారి ఢిల్లీ వచ్చినప్పుడు మా అమ్మావాళ్ళ కింది వాటాలో ఉండే తెలుగబ్బాయి ఫోన్‌లో ఒక పట్టిక చూపించాడు. జర్మనీ, కెనడా, అమెరికా. ఒక్కోదానికి ఎదురుగా జీతం, పన్ను, ఇంటద్దె, బడి, పౌరసత్వం. భార్యకు ఐదో నెల. "అక్కా, పిల్లల్ని పెంచుకోవడానికి ఏ దేశం మంచిది?" అని అడిగాడు.

"ఇందులో ఒక గడి తక్కువైంది. మీ అమ్మగారు, మీ అత్తగారు వచ్చి ఎన్నాళ్ళు ఉండొచ్చో రాసుకో" అన్నాను.

అమ్మావాళ్ళు ఉండేది సత్యనికేతన్‌లో, వెంకటేశ్వర కాలేజీకి ఎదురుగా. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో పెట్టిన ఆ కాలేజీ వల్ల ఈ చుట్టుపక్కల తెలుగు మాట ఎప్పుడూ వినబడుతూనే ఉంటుంది. ఇంటికి దగ్గరి మెట్రో స్టేషన్‌కు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు. అక్కడినుంచి కిలోమీటరుకు పైగా ఉన్న ఆకాశవంతెన మీద నడిస్తే ధౌలా కువాన్ స్టేషన్. అక్కడ బండెక్కి అటు ఒక్క స్టేషన్ వెళ్తే శివాజీ స్టేడియం, చాలా దేశాల వీసా దరఖాస్తులు తీసుకునే చోటు. ఇటు వెళ్తే రెండో స్టేషనే విమానాశ్రయం. పెద్దాడు పుట్టిన 2016 నుంచీ మా అమ్మ ఆ కాగితాల సంచి పట్టుకుని తిరుగుతూనే ఉంది.

పెద్దాడు పుట్టింది టెక్సస్‌లో. అమ్మకు విమానాశ్రయంలోనే ఆరు నెలలు ఉండటానికి ముద్ర వేశారు. నాకు మాత్రం జీతంతో సెలవు లేదు. అమెరికాలో 1993 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, అదీ కనీసం యాభై మంది పనిచేసే చోట, పన్నెండు వారాలు ఉద్యోగం పోకుండా కాపాడతారు. జీతం ఇమ్మని ఆ చట్టం ఎక్కడా చెప్పదు. మన దేశంలో 2017లోనే జీతంతో కూడిన ప్రసూతి సెలవును 26 వారాలు చేశారని తెలిసి ఆఫీసులో తోటివాళ్ళు నమ్మలేదు. ఎనిమిదో వారానికే నేను ఆఫీసుకు వెళ్ళిపోయాను. పచ్చి బాలింతను. అమ్మ ఉంది కాబట్టి వెళ్ళగలిగాను. ఆమె తిరిగి వెళ్ళిన మర్నాడు వాణ్ణి డేకేర్‌లో దింపి, కారులో కూర్చుని ఏడ్చిన పార్కింగ్ చోటు ఇప్పటికీ గుర్తుంది.

2019లో స్టుట్‌గార్ట్ మారాం. చిన్నది 2023 ఫిబ్రవరిలో అక్కడ పుట్టింది. ఈసారి లెక్క తిరగబడింది. తల్లిదండ్రులిద్దరూ పంచుకుంటే పద్నాలుగు నెలలపాటు ప్రభుత్వం డబ్బిస్తుంది. చేతికొచ్చే జీతంలో సుమారు 65 శాతం, నెలకు 1,800 యూరోలు మించకుండా. ఉద్యోగం మూడేళ్ళవరకు నా కోసం ఆగుతుంది. పిల్లకు జ్వరమొస్తే తల్లికీ తండ్రికీ విడివిడిగా ఏటా పదిహేను రోజుల సెలవు. జ్వరం వచ్చిన పిల్లను ఒళ్ళో పెట్టుకుని మేనేజరుకు క్షమాపణలు రాసుకోనక్కర్లేని దేశంలో ఉండటం ఎంత నెమ్మదో, రెండుచోట్లా ఉన్నదాన్ని కాబట్టి గట్టిగా చెప్పగలను.

పురుడయ్యాక మంత్రసాని ఇంటికే వస్తుంది. హెబామె అంటారు. ఆ ఖర్చు ఆరోగ్య బీమాదే. మాకొచ్చినావిడ పిల్లను గుడ్డలో ఉయ్యాలలా వేలాడదీసి తూకం చూసేది. వారానికోసారి స్నానం చాలు అని చెప్పింది. మర్నాడు ఆవిడ వచ్చేసరికి అమ్మ స్నానాలగదిలో పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, పిల్లను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, చెంబుతో గోరువెచ్చటి నీళ్ళు పోస్తోంది. ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఒకరి భాష ఒకరికి రాదు. కాసేపటికి చేతులు కడుక్కుని వచ్చి, పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తువ్వాలు అందించింది. స్నానం సంగతి మళ్ళీ ఎత్తలేదు.

కానీ అమ్మకు అక్కడ 180 రోజుల్లో 90 రోజులే. చిన్నదానికి మెడ నిలిచిందో లేదో, పెట్టె సర్దుకుంది. 2024లో జర్మనీ చట్టం కాస్త సడలించి, నిపుణులైన ఉద్యోగులు తల్లిదండ్రుల్ని తెచ్చుకోవచ్చంది. అదైనా 2024 మార్చి 1 నుంచి తొలిసారి నివాసానుమతి పొందినవాళ్ళకే. మాది 2019.

తమ్ముడు కెనడాలో, బ్రాంప్టన్‌లో ఉంటాడు. అక్కడ సూపర్ వీసా ఉంది. 2022 నుంచి ఒక్కసారి వెళ్తే ఐదేళ్ళు ఉండొచ్చు. లక్ష డాలర్ల వైద్య బీమా చూపించాలి, కొడుక్కి తగిన ఆదాయం ఉండాలి. ఆ బీమా సొమ్ము వాడు ఏటా కిందామీదా పడి కడతాడు. అయినా ఈ ఒక్క విషయంలో కెనడాదే పైచేయి అంటాను.

యూనిసెఫ్ 2020లో సంపన్న దేశాల్లో పిల్లల బాగోగులపై నివేదిక ఇచ్చింది. నెదర్లాండ్స్ మొదటిది, అమెరికా 38 దేశాల్లో 36వది. నేను చూసినదాన్నిబట్టి ఆ వరుసతో నాకు పేచీ లేదు. కాకపోతే మన ఇళ్ళలో పిల్లలు అమ్మానాన్నల చేతుల్లోనే పెరగరు. అమ్మమ్మ ఒళ్ళో ముద్దలు తింటూ తెలుగు నేర్చుకుంటారు. మా పెద్దాడికి ఆరు నెలల అమ్మమ్మ దొరికింది, అమ్మ దొరకలేదు. చిన్నదానికి అమ్మ దొరికింది, అమ్మమ్మ మూడు నెలలే.

పట్టికలు వేసుకుంటున్న దంపతులకు నాదొకటే మాట: ఉద్యోగం ఒప్పుకునే ముందే ఆ దేశంలో తల్లిదండ్రుల వీసా నిబంధనలు చదవండి. బిడ్డ పుట్టాక చదివితే ఆలస్యమైపోతుంది.

నవంబరులో ఢిల్లీ పొగకు అమ్మకు దగ్గు ఎక్కువవుతుంది. అందుకని ఈసారి అప్పుడే రమ్మన్నాం. ఇద్దరు పిల్లల పుట్టినరోజులూ చూసి వెళ్తానంటూ గోడ క్యాలెండర్ ముందు నిలబడి లెక్కపెట్టింది. పెద్దాడిది నవంబరు 6, చిన్నదానిది ఫిబ్రవరి 9. ఆ రెండు రోజులూ కలుపుకుంటే మొత్తం 96.