ఆగిన విమానము

విమానమును నడుప నేర్వగోరువాడు తొలిదినముననే ఆకాశమున కెగయలేడు. అతడు నేలపై నుండియే ఆకాశమును అభ్యసింపవలెను. ఈ సంగతిని గ్రహించి, అందులకు తగిన సాధనమును కల్పించినవాడు ఎడ్విన్ లింక్ అను అమెరికా యువకుడు. బింగ్‌హామ్టన్ పట్టణమున అతని తండ్రికి ఆర్గను వాద్యములు చేయు కర్మాగార ముండెను. ఆ వాద్యములకు గాలి నందించు తిత్తులతోను, పంపులతోను లింక్ 1929వ సంవత్సరమున చిన్న విమానము వంటి ఒక పెట్టెను నిర్మించెను. అందు కూర్చుండి చేతికఱ్ఱను త్రిప్పినచో అది నేలను విడువకయే ప్రక్కలకు ఒరుగును, ముక్కు నెత్తును, దించును. మొదట జనులు దానిని వినోదవస్తువుగానే చూచిరి. 1934లో తపాలా మోయు సైనిక విమానికులు పలువురు చెడు వాతావరణమున మరణించిరి. ఆ పిమ్మట అమెరికా సైన్యము అట్టి పెట్టెల నారింటిని కొనెను. రెండవ ప్రపంచ సంగ్రామకాలమున అయిదు లక్షలకు పైగా విమానికులు ఆ ‘నీలిపెట్టె’లలో శిక్షణ పొందిరి.

కాలక్రమమున ఆ పెట్టె కంప్యూటరులోనికి ప్రవేశించెను. 1982లో మైక్రోసాఫ్టు సంస్థ ఇండ్లలోని కంప్యూటరులకై ఫ్లైట్ సిమ్యులేటరును విడుదల చేసెను. నాటి తెరపై కొన్ని గీతలే కొండలు, కొన్ని గీతలే దారులు. నేటి సిమ్యులేటరులో మేఘములు కదలును, నీడలు సాగును, నదులు మెఱయును. అందులకై కంప్యూటరు క్షణకాలమైనను విశ్రమింపక లెక్కలు కట్టుచుండవలెను.

2023వ సంవత్సరపు వేసవిలో విజయవాడ నగరమున ఒక ఇంట అట్టి సిమ్యులేటరు వలన చిన్న కలహము పుట్టెను. ఆ ఇంటి కుమారుడు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరము ముగించినవాడు. విమానికుడు కావలెనని అతని కోరిక. తండ్రి ఎట్లో డబ్బు కూడబెట్టి, ఒకరు వాడి విడిచిన కంప్యూటరును కొని తెచ్చెను. బాలుడు ప్రతిదినమును దానిముందు కూర్చుండి, గన్నవరము విమానాశ్రయమున విమానమును దింపుట అభ్యసించుచుండెను. ఎనిమిదవ తరగతి చదువు అతని చెల్లెలు సాయంకాలములందు అదే కంప్యూటరుపై బొమ్మలు గీయుచుండెను. కృష్ణ ఒడ్డున వ్రాలు కొంగలు, కొండపల్లి బొమ్మలు, తిరుగలి ముందు కూర్చున్న నాయనమ్మ — ఇట్లు నూటికి పైగా చిత్రములు అందు చేరినవి.

ఒకనాటి మధ్యాహ్నము విమానము నేలకు సమీపించుచుండగా తెర హఠాత్తుగా నిలిచిపోయెను. చక్రములు నేలకు జానెడు ఎత్తున ఉండగనే కదలిక లేకుండెను. ఇంజిను ధ్వని ఒకే స్వరమున గీపెట్టుచుండెను. మౌసు కదలలేదు, మీటలు పలుకలేదు. కడకు మీటను నొక్కిపట్టి యంత్రమును ఆర్పవలసివచ్చెను. మరునాడును అట్లే జరిగెను.

“నీ బొమ్మలవలననే ఇది చెడినది. ఏదో చేయరానిది చేసితివి” అని అన్న చెల్లెలిని గద్దించెను.

“నేను నిన్న దానిని ముట్టనే లేదు అన్నయ్యా!” అని ఆమె చెప్పినను అతడు వినలేదు. వారము దినములు గడచిన పిమ్మట, ఇక నెవ్వరును ముట్టకుండునట్లు ఆ సీపీయూ పెట్టెను చెక్క అలమారులో నుంచి, తీగలను వెనుక రంధ్రమునుండి లాగి, తలుపునకు తాళము వేసెను.

జబ్బు తగ్గలేదు సరిగదా, హెచ్చెను. బాలుడు తోచినదెల్ల చేసెను. సిమ్యులేటరును తొలగించి మరల ఎక్కించెను. తెరకు బొమ్మ నందించు గ్రాఫిక్స్ కార్డు డ్రైవరును మార్చెను. ఒకే దినమున మూడు నాలుగు మార్పులు చేయుటచే, ఏ మార్పు వలన ఏమి జరిగినదో అతనికే తెలియకపోయెను. తుదకు విసిగి, డిస్కునంతను తుడిచివేసి, ఆపరేటింగ్ సిస్టమును క్రొత్తగా ఎక్కించెను. విమానము మరల ఆగెను. చెల్లెలి బొమ్మలు మాత్రము ఒక్కటియు మిగులలేదు.

ఆమె ఆ సంగతి తెలిసి చాలసేపు మాటాడలేదు. “మరల గీయవచ్చును లే” అని అన్న అనెను. ఆమె లోపలికి వెడలిపోయెను.

ఆ ఆదివారము వారి మేనమామ వచ్చెను. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. బాలుడు తన కష్టమును చెప్పుకొనగా ఆయన నవ్వి, “అల్లుడూ, నాకు కంప్యూటరు తెలియదు. కాని ఆగిపోవు బండ్ల నెన్నింటినో చూచితిని. ముందు చెప్పుము: ఇది ఏ వేళ ఆగును? మొదలుపెట్టిన ఎంతసేపటికి ఆగును? ఆగుటకు ముందు ఏమి మారినది?” అని అడిగెను.

బాలుడు తెల్లబోయెను. “ఎప్పుడు పడిన అప్పుడు ఆగును మామయ్యా” అని మాత్రము చెప్పగలిగెను.

అప్పుడు చెల్లెలు లోపలినుండి ఒక నోటుపుస్తకమును తెచ్చి మేనమామ చేతి కిచ్చెను. అందు గడులు గీసి, తేదీ, ప్రారంభించిన వేళ, ఆగిన వేళ, యంత్ర మున్న చోటు వరుసగా వ్రాయబడియుండెను. తుది గడికి శీర్షిక: ‘నేను ముట్టితినా?’ ఆ గడిలో ప్రతి వరుసయందును ‘లేదు’ అని యుండెను. నింద పడిన మరునాటినుండి ఆమె ఆ పుస్తకమును వ్రాయుచుండెను. తన నిర్దోషిత్వమును చూపుటకు ఆమెకు వేఱు దారి లేకపోయెను.

మేనమామ పుస్తకమును రెండు మారులు చదివెను. యంత్రము బల్లపై నున్నపుడు ఉదయము ఆరుగంటలకు మొదలుపెట్టినచో రెండు గంటలు నిరాటంకముగా నడచినది. మధ్యాహ్నము నలువది నిమిషములకు అటునిటుగా ఆగినది. అలమారులో పెట్టిన పిమ్మట మధ్యాహ్నము పదునైదు నిమిషములకే ఆగినది. ఉదయమున సైతము గంట దాటలేదు.

“తల్లీ, సగము పని నీవే చేసితివి” అని ఆయన పలికి, బాలునివైపు తిరిగెను. “ఇది వేడి జబ్బు వలె నున్నది. కాని అనుకొనుట వేఱు, తెలిసికొనుట వేఱు. ఒక్కొక్క మార్పు మాత్రమే చేసి చూతము” అనెను.

ముందుగా యంత్రమును అలమారునుండి తీసి బల్లపై నుంచిరి. మఱేమియు మార్చలేదు. మధ్యాహ్నమున అది నలువది యొక్క నిమిషములు నడచి ఆగెను. చిప్పు వేడిని చూపు చిన్న ప్రోగ్రామును బాలుడు ఎక్కించి చూడగా, ఆగుటకు ముందు 97 డిగ్రీలు కనబడెను. జ్ఞాపకశక్తి వహించు ర్యాము లోపమును శంకించి రాత్రియంతయు దానికి పరీక్ష పెట్టిరి. తప్పు ఒక్కటియు కనబడలేదు.

మరునాడు విద్యుత్తు తీగను ఊడదీసి, పెట్టె ప్రక్కరేకును విప్పిరి. చిప్పుపై నున్న లోహపు రెక్కల సందులలో దుమ్ము దూదివలె పేరుకొనియుండెను. గాలి పోవు దారియే లేదు. మేనమామ పంకా రెక్కను వ్రేలితో కదలకుండ పట్టి, మెత్తని కుంచెతో దుమ్మును దులిపెను. ఆ మధ్యాహ్నము విమానము గంటా ఏబది నిమిషములు ఎగిరి ఆగెను. మేలు కలిగినది, కాని పూర్తి కాలేదు. చిప్పునకును, లోహపు రెక్కలకును నడుమ వేడిని చేరవేయుటకు పూయు థర్మల్ పేస్టు ఎండి బీటలు వారియుండెను. దానిని తుడిచి, శనగగింజంత క్రొత్త పేస్టు పెట్టిరి. నాడు మూడు గంటలు గడచినను విమానము ఆగలేదు. వేడి 76 డిగ్రీలు దాటలేదు.

“ఇతర పనులు చేయునపుడు ఆగక, విమానము నడుపునపుడే ఏల ఆగినది మామయ్యా?” అని బాలు డడిగెను.

“ఖాళీ బస్సు చదునుదారిని పోవునంతసేపు రేడియేటరు లోపము బయటపడదు. నిండు బస్సు ఘాటురోడ్డు ఎక్కినపుడు పడును. నీ సిమ్యులేటరే ఈ యంత్రమునకు ఘాటురోడ్డు” అని మేనమామ చెప్పెను.

ఆ మాట సత్యము. సిమ్యులేటరు కంప్యూటరులోని ప్రధాన చిప్పును, గ్రాఫిక్స్ చిప్పును ఏకకాలమున గంటలకొలది శ్రమపెట్టును. శ్రమ హెచ్చినకొలది వేడి హెచ్చును. వేడి మితిమీరినచో చిప్పు మొదట తన వేగమును తగ్గించుకొనును. అదియు చాలనిచో లెక్కలు తప్పి యంత్రము బిగుసుకొనిపోవును, లేదా తనంత తానే ఆరిపోవును. అయినను ప్రతి ఆగుటకును వేడియే కారణము కాదు. ర్యాము లోపించినను, డ్రైవరు సరిపడకున్నను, విద్యుత్తు నందించు భాగము బలహీనమైనను యంత్రము ఆగును. కావుననే ఊహను పరీక్షించి చూడవలెను.

యంత్రము మొరాయించినపుడు ముందుగా వ్రాసియుంచిన కాగితము ఎంతటి మేలు చేయునో చంద్రయాత్రయు తెలుపుచున్నది. 1969 జూలై 20వ తేదీన అపోలో 11 నౌక చంద్రునిపై దిగుచుండగా దాని కంప్యూటరు 1202 అను హెచ్చరికను చూపెను. పని భారము మించినదని దాని అర్థము. అంతకు కొలది వారములకు ముందు సిమ్యులేటరుపై జరిగిన అభ్యాసమున అట్టి హెచ్చరికయే రాగా, నేలపై నున్నవారు తొందరపడి దిగుట మానవలెనని తప్పుగా నిర్ణయించిరి. ఆ తప్పు బయటపడిన పిమ్మట, నాయకుడు జీన్ క్రాంజ్ ఆజ్ఞచే ఏ హెచ్చరికకు ఏమి చేయవలెనో తెలుపు పట్టిక సిద్ధమయ్యెను. దానిని చేతితో వ్రాసి యుంచుకొన్నవాడు ఇరువది నాలుగేండ్ల జాక్ గార్మన్. నాడు అతడు పట్టికను చూచి భయము లేదనెను. స్టీవ్ బేల్స్ అను యువకుడు సాగవచ్చునని ప్రకటించెను. కంప్యూటరు అల్పకార్యములను విడిచి ముఖ్యకార్యములను సాగించెను. నౌక క్షేమముగా దిగెను.

విజయవాడ ఇంట ఆ రాత్రి బాలుడు నోటుపుస్తకమును మరల తెఱచెను. ‘లేదు’, ‘లేదు’, ‘లేదు’ అను మాటలు వరుసగా కనబడెను. యంత్రమును కాపాడుటకని తాను వేసిన తాళమే దానికి ఊపిరాడకుండ చేసినది. చెల్లెలు చేసినదని తా నన్న తప్పు ఎక్కడను లేదు.

అతడు ఆమెకడకు పోయి, “తప్పు నాది. నిన్ను అడుగక నీ బొమ్మలను తుడిచితిని. వాటిని నేను తిరిగి ఈయలేను” అని పలికెను.

“తిరుగలి ముందు నాయనమ్మను మాత్రము మరల గీసెదను. తక్కినవి గుర్తులేవు” అని ఆమె బదులు చెప్పెను.

యంత్రమును బాగుచేయుటకు ఒక కుంచెయు, శనగగింజంత పేస్టును చాలినవి. ఆ బొమ్మలను తెచ్చుటకు ఏ పనిముట్టును లేకపోయెను. మరునాడు బాలుడు తన చేతిఖర్చు డబ్బులతో ఒక పెన్‌డ్రైవు కొని చెల్లెలి కిచ్చెను. అలమారు తాళమును తీసి తల్లికి అప్పగించెను. నోటుపుస్తకమున ‘నేను ముట్టితినా?’ అను గడిని కొట్టివేసి, దాని స్థానమున ‘ఏమి మారినది?’ అని తానే వ్రాసి, పుస్తకమును బల్లప్రక్కన మేకునకు వ్రేలాడదీసెను. సాయంకాలము ఆరు కాగానే అతడు విమానమును దింపి, కుర్చీనుండి లేచెను. చెల్లెలు కూర్చుండి, మొదటి గీతను గీసెను.