మాట చివరి ధ్వని

లావోస్ దేశంలో మేకాంగ్ నది ఒడ్డున లువాంగ్ ప్రబాంగ్ అనే పాత రాజధాని ఉన్నది. ఊరినిండా బౌద్ధ విహారాలే. హెడ్మాస్టరు పని నుంచి రిటైరయినాక, 2019లో నేను రెండు నెలలపాటు అక్కడి చిన్న సన్యాసులకు జీతం లేకుండా ఇంగ్లీషు చెప్పాను.

వీరిని శ్రామణేరులంటారు. ఇరవై ఏళ్లు నిండితేగాని పూర్తి భిక్షువులు కారు. చాలామంది కొండపల్లెల బీద పిల్లలు. చదువుకోసం విహారానికి వచ్చినవాళ్లు. తెల్లవారుజామున వీధుల్లో భిక్షకు వెళతారు, మధ్యాహ్నం దాటితే అన్నం ముట్టరు. నా క్లాసేమో సాయంకాలం! అయినా ఆవలింతలు నాకే వచ్చేవి, వాళ్లకు కాదు. అక్కడ గృహస్థే సన్యాసికి చేతులు జోడించాలి. ఇన్నేళ్లూ పిల్లల నమస్కారాలు అందుకున్న నేను, రోజూ పన్నెండేళ్ల వాళ్లకు నమస్కరించి పాఠం మొదలుపెట్టేవాణ్ణి. అదీ బాగానే ఉండేది.

మనం ఇంగ్లీషు మాటల చివర ఒక అచ్చు తగిలిస్తాం: బస్సు, కారు, పెన్ను. లావోవాళ్లు ఇందుకు విరుద్ధం. చివరి హల్లును మింగేస్తారు, లేదా మార్చేస్తారు. వారి భాషలో మాట చివర స, ర, ల వంటి ధ్వనులు రావు. మన "గురు" వాళ్ల నోట "ఖూ" అయింది, "ఆచార్య" "ఆచాన్" అయింది. పైగా నిన్న అన్నా, రేపు అన్నా వారి క్రియ రూపం మారదు. అందుచేత "హ్యాజ్", "హ్యాడ్" రెండూ వాళ్లకు "హ్యాట్".

ఒకనాడు ఇంటివాళ్లను గురించి చెప్పమన్నాను. సియెంగ్ ఖ్వాంగ్ ప్రాంతపు కుర్రవాడొకడు లేచి, "మై బ్రదర్ హ్యాట్ టూ హ్యాండ్" అన్నాడు.

"ఉన్నవా, ఉండేవా?" అని అడిగాను.

అతను ఎడమచేతిని చీవరంలోకి లాక్కుని, కుడిచేతిని మాత్రం ఎత్తి చూపాడు.

1964 నుంచి 1973 దాకా అమెరికా విమానాలు లావోస్ మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించినవి. కొన్ని గాలిలోనే విచ్చుకుని, టెన్నిసు బంతులంత చిన్న బాంబులను వందలకొద్దీ చల్లేవి. అక్కడివాళ్లు వాటిని "బొంబీ" అంటారు. అలాంటివి 27 కోట్లు పడ్డవనీ, నూటికి 30 దాకా పేలలేదనీ అంచనా. అవి ఇంకా మట్టిలో ఉన్నవి. కుర్రవాడి అన్న పొలం తవ్వుతుంటే పారకు ఒకటి తగిలింది.

ఇంగ్లీషు ఎందుకని అడిగితే, ఆ బాంబులను వెదికి తీసే దళంలో చేరడానికి అన్నాడు.

మరునాటి నుంచి క్లాసుకు ఒకటే పని. మీరూ వేళ్లు గొంతు మీద ఆనించి చూడండి. "స్‌స్‌స్" అని పాములా బుసకొడితే గొంతు అదరదు. తుమ్మెద రొద పెట్టినట్టు పలికితే అదురుతుంది. "హ్యాజ్" చివర ఉండేది ఆ రొదే. "హ్యాడ్" అన్నప్పుడు నాలుక కొన పైకి ఆని, గాలి ఠక్కున ఆగుతుంది. పద్దెనిమిదిమంది సన్యాసులు గొంతులు పట్టుకుని రొద పెడుతుంటే, పెద్ద భిక్షువుగారు తొంగిచూసి వెళ్లారు.

నాలుగోరోజు ఆ కుర్రవాడు తన వాక్యాన్ని మళ్లీ చెప్పాడు. ఈసారి నేను అడగవలసిన పని లేకపోయింది.