క్షురధార: ఒక పాత మంగలికత్తి నేర్పిన పాఠం



జిజ్ఞాసువులారా! కఠోపనిషత్తు ఆత్మజ్ఞానమార్గాన్ని క్షురధారతో, అనగా మంగలికత్తి అంచుతో పోల్చిన సంగతి మీకు విదితమే. వేదపాఠశాలలో ఆ మంత్రార్థాన్ని విన్ననాటి నుండి నేటి వరకు ప్రవచనాలలో ఆ ఉపమానాన్ని ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. అయితే యాభై ఏళ్ళు దాటేవరకు ఆ అంచును చేతబట్టి చూసినవాణ్ణి కాను.

చేవెళ్ళకు, మొయినాబాదుకు నడుమ, మర్రిచెట్లు ఇరువైపులా గొడుగుపట్టిన పాత రహదారికి కొంచెం లోపలగా మా గ్రామం ఉన్నది. పూజాద్రవ్యాల కోసం అప్పుడప్పుడు బస్సెక్కి హైదరాబాదులోని బేగంబజారుకు వెళ్తుంటాను. నాలుగేళ్ళ క్రితం ఒక గురువారం నాడు, దానికి చేరువలోని జుమ్మెరాత్ బజారులో నడుస్తున్నాను. అది గురువారం జరిగే పాతవస్తువుల సంత. నేలమీద పరచిన గోనెపట్టాపై పాత తాళాలు, ఇత్తడి సామానులు, ఆగిపోయిన గడియారాలు రాశిగా పోసి ఉన్నాయి. ఒక చిన్న పూజాగంట కోసం చెయ్యి చాచితే, దాని క్రింద తుప్పుతో ఎర్రబారిన ఉస్తరా ఒకటి కనబడింది. నిత్యం నోట పలికే క్షురం ఇదే కదా అనిపించి, గంటతోపాటు దానినీ కొన్నాను.

ఇంటికి వచ్చి భూతద్దంతో చూస్తే కత్తి మెడమీద షెఫీల్డ్, ఇంగ్లండ్ అనే అక్షరాలు అస్పష్టంగా ఉన్నాయి. ఇంగ్లండులోని షెఫీల్డ్, జర్మనీలోని జోలింగెన్ ఈ ఉక్కుకత్తులకు లోకప్రసిద్ధమైన పట్టణాలు. దిగుమతి వస్తువులపై దేశనామం ఉండాలని అమెరికా 1890లో శాసనం చేసింది. అందువల్ల ‘ఇంగ్లండ్’ అనే ముద్ర ఉన్న కత్తి సాధారణంగా 1891 తరువాతిదని గ్రహించవచ్చు. 1904లో అమెరికాలో జిల్లెట్ మార్చుకునే బ్లేడుకు పేటెంటు పొందాడు. అటుపిమ్మట ఇటువంటి కత్తులు క్రమక్రమంగా ఇండ్లనుండి తొలగాయి. మా ప్రాంతపు క్షురకుల పొదులలో మాత్రం చాలాకాలం నిలిచాయి. రక్తం ద్వారా సోకే వ్యాధుల భయం పెరిగాక, మనిషికొక బ్లేడు వేసే పిడి వచ్చి వాటినీ తొలగించింది. అది సమంజసమే.

ఆ కత్తిని బాగుచేయడానికి నా సొంత తెలివినే నమ్ముకున్నాను. యంత్రపు సానచక్రం మీద పెట్టాను. నిప్పురవ్వలు లేచాయి, తుప్పు పోయింది, అంచు మెరిసింది. కాని ఆ మెరుపులో ఒక నీలిచాయ కనబడింది. తరువాత ఎంత నూరినా ఆ అంచుకు పదును నిలువలేదు.

మరి కొన్ని వారాలకు రెండవ కత్తి దొరికింది. ఈసారి దానిని తీసుకొని మా ఊరి వృద్ధ క్షురకుని ఇంటికి వెళ్ళాను. ఆయనకు ఎనభై ఏళ్ళు దాటాయి. నా ఉపనయనానికి క్షౌరం చేసింది ఆయనే. స్వామివారి కల్యాణానికి ఏళ్ళ తరబడి సన్నాయి ఊదిందీ ఆయనే. పాడైన మొదటి కత్తిని చూపి, “దీనికి ఏమైంది, నీకు తెలుసా?” అని అడిగాను. ఆయన నీలిచాయను బొటనవ్రేలితో తడిమి అన్నాడు:

“అయ్యగారూ, ఇది ఉత్త ఇనుము గాదు, ఉక్కు. అగ్గి తగిల్తె దీని పానం పోతది.”

ఆ మాట శాస్త్రసమ్మతమే. ఉక్కును కాల్చి, ముంచి, మరల మితమైన వేడితో పదును పట్టిస్తారు. ఆ మితాన్ని దాటిన వేడి తగిలితే కాఠిన్యం నశిస్తుంది, నీలిరంగు దానికి చిహ్నం.

ఆయన చాపమీద కూర్చుండి నేర్పాడు, నేను అదే చాపమీద కూర్చుండి నేర్చుకున్నాను. మొదట కత్తిని గోటితో మీటి వినాలి. పగులు ఉంటే నాదం మొద్దుబారుతుంది. అంచు దగ్గర తుప్పు గుంటలు పడి ఉంటే ఆ కత్తిని విడిచిపెట్టాలి. బాగుపడేదైతే కిరసనాయిలులో నానబెట్టి, సన్నని గరుకుకాగితంతో తడిపి, ఓపికగా తుడవాలి. పిమ్మట సానరాయి. కత్తి వీపు, అంచు రెండూ ఒకేసారి రాతికి ఆనాలి, వీపే కోణాన్ని కాపాడుతుంది. రాతిమీద అంచు ముందుగా సాగాలి, తోలుపట్టీమీద వీపు ముందుగా సాగాలి. ఈ క్రమం తప్పితే తోలు తెగుతుంది, అంచు చెడుతుంది. చేతి బరువు మోపరాదు. మా మేనల్లుడు నాకు 1000, 4000, 8000 అంకెల సానరాళ్ళు తెప్పించి ఇచ్చాడు. వాటిని చూసి వృద్ధుడు నవ్వాడు. ఆయన దగ్గర ఉన్నవి అరిగి సన్నబడిన ఒక నల్లరాయి, తన అరచెయ్యి.

“రాయి ఏమియ్యదు అయ్యగారూ. తీసుడే దాని పని,” అన్నాడు.

ఆ మాటతో నాకు చేతిలోని కత్తి ఆగిపోయింది. అద్వైతులు చెప్పేదీ ఇదే కదా! జ్ఞానం ఆత్మకు కొత్తగా ఏదీ చేర్చదు, అవిద్యను తొలగిస్తుంది. నేను ముప్పై ఏళ్ళుగా శ్లోకాలతో చెబుతున్నదానిని, బడిమెట్లు ఎక్కని ఒక పెద్దాయన తన జీవనానుభవంతో నాలుగు మాటలలో చెప్పాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చౌలసంస్కారంలో, ‘ఈ శిశువును హింసింపకుము’ అని క్షురాన్ని ప్రార్థించే మంత్రం ఉన్నది. దానిని ఎన్ని వందల పర్యాయాలు పఠించానో! మంత్రం ముగియగానే కత్తి ఆయన చేతికి వెళ్ళేది. పని ముగియగానే బియ్యం, నాణేలు ఆయన చేతిని తాకకుండా, పరచిన కండువాలో పైనుండి జారవిడిచేవాళ్ళం. మా నాన్నగారు అట్లే చేశారు, నేనూ అట్లే చేశాను. నాకంటె ముప్పై ఏళ్ళు పెద్దవాణ్ణి ‘నువ్వు’ అన్నాను. హింసింపకుమని ఇనుమును వేడుకున్న నోటితోనే, ఇనుము చేయని గాయం నేను చేస్తూ వచ్చాను. ఆచారమని సమర్థించుకోవచ్చును. కాని సర్వభూతాలలో ఒకే ఆత్మ ఉన్నదని ప్రవచనం చెప్పి మెట్లు దిగినవానికి ఆ సమర్థన చెల్లదు.

మరునాడు వెళ్ళి, “మీరు నాకు విద్య నేర్పారు. ఇన్నేళ్ళ నా ప్రవర్తనకు క్షమించండి,” అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. చివరకు, “మీరంటున్నరు, కొత్తగున్నది,” అన్నాడు. క్షమించానని అనలేదు. నేనూ మరల అడుగలేదు.

మూడు నెలలకు ఆ కత్తికి పదును వచ్చింది. ముంజేతి వెంట్రుకను తాకీతాకనట్లు తెంపింది. దానిని ఆయనకే ఇవ్వబోతే, “నాకు కండ్లు ఆనయి, మీ కాడనే ఉండనియ్యిండ్రి,” అని తిరిగి ఇచ్చాడు. ఇప్పటికీ పలచగా కొబ్బరినూనె రాసి, పొడిగుడ్డలో చుట్టి భద్రపరుస్తున్నాను. దాని వీపు ప్రక్కన నాలుగైదు తుప్పు గుంటలు అట్లే ఉన్నాయి. వాటిని పూర్తిగా పోగొట్టాలంటే ఉక్కునే అరగదీయాలి, అప్పుడు కత్తి మిగలదు. తుప్పు తిన్నది తిరిగి రాదు, ఇకమీదట తినకుండా చూసుకోవడమే మన వంతు.

మొన్న మాఘమాసంలో మా ఆలయంలో ఒక శిశువుకు చౌలం జరిగింది. ఆ వృద్ధుని మనుమడు కొత్త బ్లేడుతో పని ముగించాడు. దక్షిణతాంబూలాన్ని రెండు చేతులతో అతని చేతులలో పెట్టాను. ఆ మంత్రాన్ని ఇప్పుడు పఠించేటప్పుడు మొదట నా నాలుకను ఉద్దేశించి పఠిస్తున్నాను.

స్వస్తి.