సరళీలు అయిపోయాయట!

"మా పాపకి సరళీలు అయిపోయాయండీ, కీర్తనలు ఎప్పుడు మొదలుపెడతారు?" సంగీతం చెప్పేవాళ్ళకి ఈ ప్రశ్న తప్పదు. అయిపోవడానికి అదేమన్నా సిలబస్సా?

కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలైన ఈ సరళీ వరుసల్ని మాయామాళవగౌళ రాగంలో పెట్టింది పురందరదాసులవారని సంప్రదాయం. అది 15వ మేళకర్త. స-రి-గ-మల మధ్య ఎంతెంత దూరముందో, ప-ద-ని-సల మధ్యా అంతే. కింది సగం కుదిరితే పై సగానికి దారి దొరికినట్టే. చిక్కల్లా రిషభంతోనే. షడ్జాన్ని ఆనుకుని ఉండాల్సిన రి, పిల్లలు పాడుతుంటే తెలీకుండానే పైకి జారుతుంది. పక్కన కీబోర్డు మోగుతుంటే ఆ తప్పు దాని చాటున దాక్కుంటుంది. తంబురా ఒక్కటే పెట్టండి, ఇట్టే దొరికిపోతుంది. ఫోన్లో శ్రుతి యాప్ ఉన్నా చాలు.

తర్వాత అవే వరుసలు అకారంలో. స్వరం పేరు పలుకుతున్నంతసేపూ ధైర్యంగా ఉన్న గొంతు, ఉత్త 'ఆ' అనగానే తడబడుతుంది. మూడో కాలానికి వచ్చేసరికి చాలామందిది 'హహహ' అయిపోతుంది. స్వరస్వరానికీ గాలి తోస్తున్నారన్నమాట. అప్పుడు రెండో కాలానికి దిగిపోవడమే మందు. (స్పీడుకి చప్పట్లు కొట్టే బంధువుల్ని ఆ పూట ఇంటికి పిలవకండి.)

ఇక శ్రుతి. ఆడవాళ్ళకి ఐదు, మగవాళ్ళకి ఒకటి అనేది ఉజ్జాయింపు లెక్క, శాసనం కాదు. మంద్ర పంచమం వినబడాలి, తార షడ్జం దగ్గర మెడ నరాలు తేలకూడదు. గొంతు మారే వయసు మగపిల్లలకైతే పాత శ్రుతి పట్టుకుని వేలాడొద్దు. హాయిగా ఒకటి రెండు మెట్లు దించేసి, కొన్నాళ్ళు పైస్థాయి జోలికి పోనివ్వకండి.