ఆక్టోపస్ పట్టిచ్చిన పచ్చ పళ్లెం!

దక్షిణ కొరియా పడమటి తీరంలో తేయాన్ అనే ఊరుంది. 2007లో అక్కడ ఓ జాలరికి చిన్న ఆక్టోపస్ దొరికింది. విచిత్రమేమంటే, అది ఓ ఆకుపచ్చ పళ్లేన్ని పట్టుకుని ఉంది! పురావస్తు నిపుణులు సముద్రంలో దిగి వెతికారు. అడుగున 12వ శతాబ్దపు ఓడ, అందులో 20 వేలకు పైగా పాత్రలు! సరుకుతోపాటు ఉన్న చెక్క చీటీల మీద బయల్దేరిన ఊరు పేరూ ఉంది... తామ్‌జిన్. ఇప్పటి గాంగ్‌జిన్ అదే.

కొరియా దక్షిణ కొసన సముద్రపు పాయని ఆనుకుని ఉంటుంది గాంగ్‌జిన్. మంచి మట్టి, కట్టెలకు కొండలు, సరుకు పంపడానికి సముద్రం... అన్నీ అక్కడే. అందుకే గోర్యో రాజుల కాలంలో(918-1392) కుమ్మరులు అక్కడ స్థిరపడ్డారు. పాత బట్టీల ఆనవాళ్లే 180కి పైగా బయటపడ్డాయి.

ఇంతకీ ఏమిటీ పాత్రలు? మన ఆవకాయ జాడీల్లా బాగా ఎక్కువ వేడిలో కాల్చినవే. గొప్పతనమంతా రంగులో ఉంది. 1123లో వచ్చిన చైనా రాయబారి షు జింగ్, కొరియన్లు దాన్ని 'బిసేక్' అంటారని రాసుకున్నాడు. రహస్యం గాలిలో ఉంది. ఒకసారి కాల్చిన పాత్రకు పూత పూసి మళ్లీ 1200 డిగ్రీలు దాటిన వేడిలో పెడతారు. అప్పుడు బట్టీలోకి గాలి తగినంత వెళ్లనివ్వరు. దాంతో పూతలోని ఇనుము నీలి ఛాయ ఉన్న ఆకుపచ్చగా మారుతుంది. గాలి ఎక్కువైతే పాత్ర పసుపో గోధుమరంగో అవుతుంది!

పచ్చిమట్టి మీద కొంగల్నీ మేఘాల్నీ చెక్కి, ఆ గాడుల్లో తెల్లమట్టి, ఎర్రమట్టి నింపడం మరో నేర్పు. కాలాక ఎర్రమట్టి నల్లగా కనిపిస్తుంది. జపాన్ పాలనలో కొరియా కళాఖండాలు ఎన్నో దేశం దాటిపోయాయి. అప్పట్లో, 1935లో, జియోన్ హ్యోంగ్ పిల్ అనే కళాభిమాని కొంగల బొమ్మలున్న ఒక్క జాడీని ఇరవై ఇళ్ల ఖరీదు పెట్టి కొన్నాడంటారు.

అంతటి విద్యా నిలవలేదు. 1231లో మొదలైన మంగోలుల దండయాత్రలు దేశాన్ని కుదిపేశాయి. 14వ శతాబ్దంలో సముద్రపు దొంగల దాడులతో కుమ్మరులు తీరం వదిలి లోపలికి వెళ్లిపోయారు. క్రమంగా తెల్ల పింగాణీ మోజు పెరిగింది. గాంగ్‌జిన్ బట్టీలు చల్లారిపోయాయి.

మళ్లీ 1970ల చివర్లో అక్కడ నిప్పు రాజుకుంది. పాత ముక్కల్ని పరిశీలిస్తూ, పూతల్ని పదేపదే కాల్చి చూస్తూ కళాకారులు ఆ రంగుని తిరిగి పట్టుకున్నారు. 1997లో సెలడాన్ మ్యూజియం వెలిసింది. సియోల్ నుంచి బస్సులో దాదాపు ఐదు గంటల ప్రయాణం. పాత బట్టీల్ని చూడొచ్చు, పిల్లలు మట్టితో పాత్రలు చేసి చూడొచ్చు. అయితే ఎంత చేయి తిరిగినవాళ్లకైనా, రంగు కుదిరిందో లేదో బట్టీ తెరిచాకే తెలుస్తుంది!