పేరు లేని జాబు

మా నాయనగారు తిరుత్తణిలో ఉండగా అచ్చు వేయించిన జాబు కాగితాలు కొన్ని ఇప్పటికీ మా పెట్టెలో ఉన్నవి. పైన చిరునామాలో "చిత్తూరు జిల్లా, ఆంధ్రప్రదేశ్" అని ఉంటుంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రంలో చేరిపోయింది. కాగితాలు పారవేయ మనసొప్పక, ఆయన ఆ వరుస కొట్టివేసి "చెంగల్పట్టు జిల్లా" అని చేత్తో వ్రాసుకునేవారు. 1969లో రాష్ట్రం తమిళనాడు అయింది. 1997లో జిల్లా తిరువళ్ళూరు అయింది. ఇల్లు మాత్రం అక్కడే ఉన్నది! మారే మాటలకు అచ్చులో ఖాళీ వదలవలెనని అప్పుడే తోచి ఉంటే ఎంత సిరా మిగిలేదో.

ఆ ఖాళీ ఉపాయమే ఇప్పుడు మా తమ్ముని మనుమడు కంప్యూటరులో చేసి పెట్టాడు. మా సంఘం తరఫున ఏటా పిల్లలకు పుస్తకాల సహాయం ఇస్తూ, దాతల ఇళ్ళకు జాబులు వ్రాస్తుంటాము. జాబంతా ఒకే ఫైలు. ఊరు, తేది, దాత పేరు రావలసిన చోట్ల డాలరు గుర్తూ, మీసాల బ్రాకెట్లూ, వాటి నడుమ ఒక్కొక్క గుర్తుమాటా ఉంటాయి. ఆ మాటలకు విలువలు విడిగా చెప్పిపెడితే, 'ఎన్వ్‌సబ్‌స్ట్' అనే చిన్న ప్రోగ్రాము గుర్తు తీసివేసి విలువ వేస్తుంది. ఆ విలువలను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్సు అంటారు. నాలుగు వరుసల స్క్రిప్టుతో జాబులన్నీ క్షణంలో తయారు! మేము ముచ్చటపడి, సరిచూడకుండానే తపాలాలో వేశాము.

మూడవనాడు తిరుత్తణినుంచి ఒక పెద్దమ్మగారు ఫోను చేశారు. "కాగితం అందింది నాయనా. 'కీర్తిశేషులు' అని ఉంది, 'గారి జ్ఞాపకార్థం' అని ఉంది. నడుమ ఆయన ఏరీ?"

మాకు నోట మాట రాలేదు. భర్త పేరిట ఆమె పెన్షనులోంచి మిగిల్చి ఇచ్చిన సొమ్మది.

కుర్రవాణ్ణి కూర్చోబెట్టి అడిగాము. దాత పేరు వ్రాశాడు గాని, దానికి ముందు 'ఎక్స్‌పోర్ట్' అనే మాట మరిచాడు. ఆ మాట లేకపోతే షెల్లు ఆ విలువను తన దగ్గరే ఉంచుకుంటుంది. అది పిలిచే ప్రోగ్రాముకు అందనివ్వదు. వంటింట్లో చెప్పుకున్న మాట వీధి అరుగు మీదివారికి వినపడనట్లే. పోనీ, విలువ దొరకలేదని ఎన్వ్‌సబ్‌స్ట్ మొరపెడుతుందా? పెట్టదు. గుర్తు తుడిచివేసి, ఆ చోటు ఖాళీగా వదిలి, పని అయిందంటుంది. గుర్తయినా మిగిలి ఉంటే తప్పు కంటబడేది గదా అని మాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు అబ్బాయి 'ఎక్స్‌పోర్ట్' చేర్చాడు. జాబు తయారయ్యేముందు ఒక్కొక్క విలువా అందుతున్నదో లేదో చూసి, ఏ ఒక్కటి ఖాళీగా ఉన్నా అక్కడే ఆగిపోయేటట్లు స్క్రిప్టు దిద్దాడు. అయినా తపాలాలో వేసేముందు మేము ప్రతి జాబూ చదువుతున్నాము. అందుకు వాడికి కొంచెం కోపం!

దిద్దిన జాబు తపాలాలో వేయడానికి మనసొప్పలేదు. తిరువళ్ళూరులో రైలెక్కి, అరక్కోణం మీదుగా తిరుత్తణి చేరి, చేతికే ఇచ్చాము. ఆమె కళ్ళజోడు పెట్టుకుని పేరు రెండుసార్లు చదువుకున్నారు. తరువాత పైకి చూసి అడిగారు:

"ఈ తిరువళ్ళూరు జిల్లా అన్నది కూడా మీ యంత్రమే వేసిందా నాయనా? ఆయన పోయేదాకా చిత్తూరు జిల్లా అనే వ్రాశారు."